బండ ఎక్కడికి పోతుందండీ!

బండ పగిలినప్పుడు ఒక వాసన వస్తుంది. చెకుముకి రాళ్లు రెండు కొట్టుకున్నట్టు, దీపావళి మర్నాడు వాకిట్లో మిగిలిన మందుకాగితాల వాసనలాంటిది. పుప్పాలగూడలో మా పక్క ప్లాటులో ఇంకో టవరుకు పునాది తవ్వుతున్నారు. మధ్యాహ్నం సైరన్ మోగుతుంది, కిటికీ అద్దాలు గలగలమంటాయి, ఆ వెంటనే వాసన మా ఏడో అంతస్తు బాల్కనీలోకి ఎక్కి వచ్చి ఆరేసిన బట్టలను పట్టుకుంటుంది. మా బిడ్డ ముక్కు మూసుకుంటుంది. నాకు మాత్రం ఒళ్లు మండుతుంది. ఎందుకంటే ఈ చప్పుడు పుట్టకుండా నా చిన్నతనమంతా కాపలా కాసిన ఊరు మాది.

మేం కిరాయికుంటున్న ఈ టవరు ఉన్న చోటే అప్పుడు బతుకమ్మ బండ ఉండేది. ఊరి ఆడవాళ్లంతా చుట్టు కట్టి ఆడినా ఇంకా చోటు మిగిలేంత సాపు బండ. ఎండాకాలం పొద్దుగూకినాక కూడా వీపు ఆనిస్తే చురుక్కుమనే బండ. వానకాలం దాని గుంతల్లో నీళ్లు నిలిస్తే అందులో తోకకప్పలు, పగుళ్లలో సీతాఫలం చెట్లు, కండ్లు తెరిచిన కాయలను ఉడతల కన్నా ముందు కోసుకోవాలని మా ఆరాటం. మా అవ్వ, అంటే మా నాయినను కన్నతల్లి, ఆ బండ మీద పాట ఎత్తితే కింది పొలాల్లో ఉన్నవాళ్లు పని ఆపి వినేవారట. అట అనే అంటున్నాను, ఎందుకంటే ఆ రోజులు నేను చూడలేదు.

నేను పుట్టకముందే సర్కారువాళ్లు ఆ బండ అంచున ఒక చిన్న గది కట్టి అందులో మిషను పెట్టారు. ఏ దేశమైనా భూమి కింద అణుబాంబు పేల్చి చూసుకుంటే, ఆ అదురు రాళ్లలో పాకుతూ ఇక్కడిదాకా వస్తుందని, మిషను సూది దాన్ని కాగితం మీద గీస్తుందని దాన్ని చూసుకునే సారు చెప్పాడు. కోస్తా మనిషి, చిన్నపిల్లలను కూడా అండీ అనేవాడు. ఒక్క బండ వింటే చాలదట, దేశదేశాల్లో ఇలాంటి గదులున్నాయట, అన్నీ కలిసి వింటేనే బాంబు ఎక్కడ పేలిందో తెలుస్తుందట. అందుకని బండ మీద అడుగు చప్పుడు కూడా ఉండకూడదన్నాడు. ఊరివాళ్లు దానికి చెవిగది అని పేరు పెట్టారు. అవ్వ ఆనాడు ఆయనను అడిగిన మాట, ఆయన చెప్పిన జవాబు మా ఇంట్లో ఎన్నిసార్లు వినబడ్డాయో, నేను అక్కడే నిలబడి విన్నట్టుంటుంది.

"మల్ల మా బండ మాకిస్తరా సారూ?"

"బండ ఎక్కడికి పోతుందండీ! మిషను ఉన్నన్నాళ్లు దీన్ని ఎవరూ ముట్టుకోరు. తీసేసిన రోజు మొదట మీకే చెబుతాను."

ఆ ఒక్క మాట మీద అవ్వ బతుకమ్మను కల్లాల దగ్గరి మట్టినేలకు దించింది. అలిగిన ఆడవాళ్లకు "దేశం పనే, జర ఓర్సుకోండ్రి" అని ఇల్లిల్లూ తిరిగి చెప్పింది. నాయినకు చెవిగది కాపలా నౌకరీ దొరికింది.

అలా మేం మెత్తగా నడవడం నేర్చుకుంటూ పెరిగాం. కబడ్డీ లేదు, తొక్కుడుబిళ్ల లేదు; బండ నీడన కూర్చుని అష్టాచెమ్మా, ఓనగుంటలు ఆడుకునేవాళ్లం, గవ్వలు కూడా చీరపేలిక మీద వేసేవాళ్లం. బోనాల డప్పు బండ దగ్గరికి వచ్చేసరికి తనంతట తానే ఆగేది. సారు తీరికగా ఉన్నప్పుడు మాకు కాగితాలు చూపించేవాడు: భూకంపం గీత సన్నగా మొదలై పెరుగుతుంది, బాంబు గీత ఒక్కసారిగా ఎగిరిపడుతుంది. అప్పటినుంచి ఇంట్లో అమ్మ కోపాన్ని భూకంపమని, అవ్వ కోపాన్ని బాంబని పిలుచుకునేవాళ్లం. ఎక్కడో మంచుదేశంలో ఇలాంటి బండ మీదే ఒక పిల్ల నాలాగే మునివేళ్ల మీద నడుస్తూ ఉంటుందనుకునేదాన్ని. ఆ పిల్ల నా దోస్తు.

సద్దుల బతుకమ్మ నాడు అవ్వ నువ్వుల సద్ది, పల్లి సద్ది, మలీద ముద్దలు తీసుకుని చెవిగదికి వెళ్లేది. సారు తలుపు దగ్గర నిలబడి కళ్లకద్దుకుని తినేవాడు. తర్వాత హైటెక్ సిటీ దిక్కున అద్దాల మేడలు లేచాయి, రోడ్డు మీద లారీలు పెరిగాయి, సారు రావడం తగ్గింది. "పెద్దాఫీసుకు మారిండు" అన్నాడు నాయిన. మేం కాస్త గంతేస్తే మాత్రం వేలు నోటి మీద పెట్టుకుని "మెల్లగ, మిషన్ ఇంటది" అనేవాడు.

ఆ ఏడు సద్దుల నాడు సద్దిగిన్నె నా చేతిలో ఉంది. నాయిన తంగేడు పూలకు పోయాడు. సారు లేకపోతేనేం, గడపలో పెట్టివద్దామని అవ్వ తలుపు ఆనుకుంది. తుప్పుపట్టిన గొళ్లెం ఊడి చేతికొచ్చింది. లోపలినుంచి పావురాలు బుర్రున మా తలల మీదుగా ఎగిరిపోయాయి. సిమెంటు దిమ్మె, దాని మీద బోల్టుల తుప్పుమరకలు, రెట్టలు. అడుగు చప్పుడు పడని మిషను ఉండాల్సిన చోట ఒక పావురం గుడ్లు పెట్టుకుంది.

నాయిన పూలతో వచ్చేసరికి అవ్వ గడపలోనే కూర్చుని ఉంది.

"మిషన్ ఏదిరా?"

"పోయినేడు వానలల్లనే తీస్కపోయిండ్రవ్వా. లారీల చప్పుడుకు ఇంక పనికిరాదన్నరు. ఈ జాగ వేరేటోళ్లకు ఇస్తున్నరట, అప్పటిదాంక ఊరోళ్లను ఎక్కనియ్యద్దని సారే చెప్పిండు. నోరు ఇప్పితే నా నౌకరి పోతుండె."

"నమ్మి నానవోస్తే పుచ్చిబుర్రలైనయి. ఊరంత ఉత్త గదికి భయపడి నడిచినమారా? సారంటే పరాయోడు. కన్నకొడుకువు, నువ్వు జేస్తివి నాకు మోసం."

గట్టిగా కూడా అనలేదు. ఆనాటి ఆమె కోపం మా రెండు గీతల్లోనూ పట్టలేదు.

ఆ సాయంత్రం అవ్వ ఊరి బతుకమ్మలన్నింటినీ బండ ఎక్కించింది. ఆపే ధైర్యం నాయినకు లేదు. చుట్టు కట్టారు, అవ్వ పాట ఎత్తింది, కానీ ఆడవాళ్ల అడుగులు మెత్తగానే పడుతున్నాయి, మేం ఆడపిల్లలం చప్పట్లు వేళ్ల కొసలతోనే కొడుతున్నాం. మాకు వేరే తీరు రాదు. "గట్టిగ కొట్టుండ్రే! ఇగ ఎవలింటరు!" అని అరిచి అవ్వ పాట మధ్యలోనే ఏడ్చేసింది. ఆమె ఏడవగా నేను చూసింది అదొక్కసారే.

దసరా దాటగానే రేకులు అడ్డం కట్టారు. బండ పేల్చిన రోజు మా ఇంట్లో గిన్నెలు దొర్లిపడ్డాయి. మంచుదేశంలో నా దోస్తు గదిలో సూది ఎగిరి ఉంటుందని, ఏమైందని ఎవరైనా అడగడానికి వస్తారని రోజూ రోడ్డు మీదికి చూశాను. ఎవరూ రాలేదు. అవ్వ పోయేదాకా నాయినతో నేరుగా మాట్లాడలేదు, "మీ నాయినకు చెప్పు" అని నాతోనే అనేది. నాయిన ఇప్పుడు ఇంకో టవరు గేటు దగ్గర కాపలా ఉంటాడు. ఆయనను కొన్నాళ్లు క్షమిస్తాను, కొన్నాళ్లు చేతకాదు. సారును ఎన్నడూ క్షమించలేదు. ఆయన మాట ఒక రకంగా నిజమేలెండి, బండ ఎక్కడికీ పోలేదు. కంకరై ఈ స్లాబుల్లోనే ఉంది.

సీతాఫలాలు ఇప్పుడు మణికొండ రోడ్డు మీద బండ్ల దగ్గర కొంటున్నాం. తంగేడు పూలు కూడా కొనుక్కునేవే. బతుకమ్మ క్లబ్‌హౌస్ ముందు నున్నటి టైల్సు మీద, స్పీకర్ల పాటకు. మొన్న అక్కడ మా బిడ్డ చుట్టులో నా ముందు ఆడుతూ వెనక్కి తిరిగింది.

"అమ్మా, గట్టిగ కొట్టు. నీది ఇనపడ్తనే లేదు."

కొట్టబోయాను. చేతులు రెండూ కలిసేముందు వాటంతటవే మెత్తబడ్డాయి.