మొదటి పాఠం దాటని మల్లవ్వ

వయోజనులకు చదువు చెప్పే వాలంటీర్లకు శిక్షణ ఇచ్చే సంస్థ ఒకటి ఉప్పల్‌లో ఉండేది. మల్లవ్వ అక్కడ ఊడ్చి తుడిచే పని చేసేది. భర్త పోయాక నాచారంలో ఒక్క గదిలో ఒక్కతే ఉండేది.

శిక్షణ చివర ప్రతి వాలంటీరూ చదువురాని మనిషికి ఒక పాఠం చెప్పి చూపించాలి. అది బాగుంటేనే సర్టిఫికెట్. అలాంటి మనిషి కోసం బయట వెతకడమెందుకని శిక్షకుడు ఉమామహేశ్వర్ మల్లవ్వనే కూర్చోబెట్టేవాడు. ఎవరు వచ్చినా వాచకంలో మొదటి పాఠమే చెప్పేవాళ్ళు.

"సారూ, రెండో పాఠం ఎప్పుడు జెప్తరు?" అని ఒకసారి అడిగింది.

"మార్కులు మొదటి పాఠానికే మల్లవ్వా," అన్నాడాయన.

ఆ మాట విన్న కీర్తన అనే వాలంటీరు అమ్మాయికి మనసాగలేదు. "నేను నేర్పిస్తా అవ్వా," అని ఆదివారాలు పీర్జాదిగూడ నుంచి మల్లవ్వ గదికి వచ్చేది. గుణింతాలు దిద్దించింది. మల్లవ్వ ఒకరోజు పాల ప్యాకెట్ మీద 'పాలు' అని చదివి, ఇంకెవరో చదివినట్టు చుట్టూ చూసుకుంది.

సర్టిఫికెట్‌తో కీర్తనకు మల్కాజిగిరిలో ఉద్యోగం వచ్చింది. "ఈ వారం కుదరదు అవ్వా," అని ఫోన్ చేసింది. తర్వాత ఫోనూ లేదు.

కొత్త బ్యాచ్ పరీక్ష రోజు హృషికేశ్ అనే కుర్రాడు బోర్డు మీద పదం రాసి తిరిగేలోపే మల్లవ్వ చదివేసింది. మెచ్చుకుంటారనుకుంది. మార్కులు వేయడానికి వచ్చినాయన పెన్ను కింద పెట్టాడు.

"ఈమెకు వచ్చుగా! ఇక మార్కులెలా వేయను?"

"గంతే వచ్చు సారూ. ఒత్తులు రావు. జర జెప్పించున్రి."

ఉమామహేశ్వర్ ఆమెను బయటికి పంపి, పక్క బిల్డింగ్‌లో ఊడ్చే వెంకటనర్సమ్మను పిలిపించాడు. తలుపు మూశారు. సాయంత్రం వచ్చి, "ఏమనుకోకు, పిల్లల సర్టిఫికెట్ల సంగతి," అన్నాడు.

"నేనేమనుకుంట సారూ," అంది మల్లవ్వ.

ఇంట్లో కీర్తన ఇచ్చిపోయిన వాచకం తనే తీసి చూసేది. ఒత్తు దగ్గర ఆగిపోయేది. అడగడానికి ఎవరూ లేరు. రోజులు గడిచేకొద్దీ తీయడం తగ్గింది. చలికాలం వచ్చేసరికి 'ప' ఏదో 'వ' ఏదో తెలియకుండా పోయింది.

ఒకనాడు ఉప్పల్ బస్టాపులో కీర్తన ఎదురుపడి చేతులు పట్టుకుంది.

"అవ్వా, చదువుతున్నవా?"

"మంచిగ జదువుతున్న బిడ్డా," అంది మల్లవ్వ. బస్సు వస్తోందేమోనన్నట్టు అటు తిరిగింది.