ఇంటిపేర్ల వరుస

యూనివర్సిటీ ప్రొఫెసరుగా నా రిటైర్మెంటుకు ఇంకా ఏడాది ఉందనగా, ఒక జూన్ నెలలో, రుషికొండ మీద ఉన్న ఒక ఇంజనీరింగ్ విద్యాసంస్థ వారు అసిస్టెంట్ ప్రొఫెసర్ ఎంపిక కమిటీలో నన్ను సబ్జెక్ట్ ఎక్స్‌పర్ట్‌గా వేశారు. పోస్టు ఒక్కటే. విషయం థియరిటికల్ కంప్యూటర్ సైన్స్. సబ్జెక్ట్ ఎక్స్‌పర్ట్ అంటే బయటినుంచి వచ్చి, అభ్యర్థికి పని వచ్చో రాదో తేల్చి, మార్కుల షీటు మీద సంతకం పెట్టాల్సిన మనిషి. చైర్మన్ గారు కెమిస్ట్రీ ప్రొఫెసరుగా చేసి పెద్ద పదవులకు వెళ్లినాయన. ఆ డిపార్ట్‌మెంట్ హెడ్ సింహాచలం గారు మూడో మనిషి. మిగతావాళ్లు టీలూ బిస్కెట్లూ వచ్చినప్పుడే తలలెత్తారు కాబట్టి వాళ్ల సంగతి వదిలేస్తాను.

కంప్యూటర్ సైన్స్ అనగానే కంప్యూటర్ ముందు కూర్చునే పని అనుకుంటారు జనం. మాది సుద్దముక్క పని. ఒక లెక్కను ఎంత త్వరగా తేల్చవచ్చో చూపించడం ఒక సగం. ఇంతకన్నా త్వరగా తేల్చడం ఎవరివల్లా కాదు, ఎంత పెద్ద మెషీను తెచ్చినా కాదు అని నిరూపించడం రెండో సగం. ఆ రెండో సగమే ప్రాణాలు తోడేస్తుంది. ఒక్కరే కూర్చుని తలకొట్టుకుంటే లాభం లేదు. అందుకే మద్దిలపాలెంలో, బస్ డిపోకి ఎదురుగా ఒక ట్యుటోరియల్ కాలేజీ మేడమీద గదిలో, శనివారం శనివారం మేమంతా చేరేవాళ్లం. ఎవరైనా రావచ్చు. బోర్డు దగ్గర ఎవరు ఏం రాసినా, కింద నుంచి ఎవరైనా "ఆగు, అది తప్పు" అనొచ్చు. బస్సుల హారన్ల మధ్య అరుచుకునేవాళ్లం.

ఆ పనికి ఒక ఆచారం ఉంది. పేపరు రాసినప్పుడు రచయితల పేర్లు ఇంటిపేరు ప్రకారం, ఇంగ్లీషు అక్షరాల వరుసలో వేస్తాం. ఎవరెంత చేశారన్నది రాయం, అడగం. తాను చేసింది ఏమీ లేదనుకుంటే తన పేరు తానే తీసేయమనవచ్చు. తన వంతు ఎక్కువ అని మాత్రం అనకూడదు. లోకమంతా మా సబ్జెక్టులో ఇదే పద్ధతి. పిల్లలందరికీ ఈ ఆచారం గురించి గొప్పగా చెప్పేదాన్ని. చెప్పేవాడికి వినేవాడు లోకువ.

ఇంటర్వ్యూకి వచ్చినవారిలో చివరికి ఇద్దరు మిగిలారు. ఇద్దరిదీ థియరీయే, ఇద్దరివీ దాదాపు ఒకే స్థాయి పేపర్లు. అబ్బాయి ఇంటిపేరు బొడ్డు. బుద్ధిమంతుడు, పని వచ్చినవాడు. రెండో మనిషి వాసుపల్లి నూకరత్నం. తండ్రి ఫిషింగ్ హార్బర్ నుంచి వేటకు వెళ్తాడు. అప్పటికి ఆమె గెస్ట్ లెక్చరరు. పీరియడ్‌కి ఇంత అని ఇచ్చే ఆ పని కూడా ఆ వేసవితో అయిపోయింది. ఈ పోస్టు రాకపోతే పరిశోధన కట్టిపెట్టి ఏదో ఒక ఆఫీసులో చేరాల్సిందే. శనివారం గదిలో ఆమెను ఎరుగుదును. నేను గైడును కాను, కలిసి పేపరు రాసిందీ లేదు. అయినా పరిచయం ఉందని ముందే చెప్పాను, అభ్యంతరం లేదన్నారు.

బోర్డు దగ్గర రత్నం ఆ అబ్బాయికన్నా ఒక మెట్టు పైనే నిలబడింది. ఆ తరవాత చైర్మన్ గారు మార్కుల షీటు ముందుకు లాక్కున్నారు. అందులో ఒక కాలమ్ ఉంది. మొదటి రచయితకు పూర్తి మార్కులు, తక్కినవారికి నామమాత్రం. కెమిస్ట్రీలో మొదటి పేరంటే ల్యాబ్‌లో చేతులు కాల్చుకున్నవాడిదని అర్థమట.

"అమ్మా, మీ పేపర్లన్నిటిలోనూ మీ పేరు చివరే ఉంది. పని ఎవరు చేశారు?" అన్నారాయన.

"ముగ్గురం చేశామండి."

"అందులో మీ వంతెంత?"

"లెక్కెట్టలేదండి." చెమట పట్టింది పిల్లకి. అంతవరకూ నెట్టుకొచ్చిన ఇంటర్వ్యూ భాష జారిపోయింది. "వల నలుగురూ లాగుతారండి. ఏ సేప ఎవులి సేతికి తగిలిందో ఒడ్డుకొచ్చినాక ఎవులూ అడగరండి. పాళ్లేసుకుంటారు."

"పడవ ఓనరుకి ఎక్కువ పాలుంటుందిగా?"

"ఉంటాదండి. మా పనిలో పడవ నల్లబోర్డండి. అది పాలడగదు."

ఆయన నవ్వారు. ఆ కాలమ్‌లో పూర్తి మార్కులు మాత్రం వేయలేదు. బి అక్షరంతో మొదలైన బొడ్డు అబ్బాయి ప్రతి పేపర్లోనూ ముందున్నాడు, వి అక్షరంతో మొదలైన వాసుపల్లి పిల్ల చివరున్నది. నా చేతిలో ఉన్న మార్కులన్నీ కుమ్మరించినా ఆ తేడా పూడదు. ఆమెను బయట కూర్చోమన్నారు. నేను ఆచారం వివరించాను. చైర్మన్ గారు ఓపిగ్గానే విన్నారు, "కానీ రూల్ రూలే మేడమ్" అన్నారు.

సింహాచలం గారు మంచి మనిషి. ఒక దారి వెతికారు. "రత్నంతో రాసిన అప్పలరాజుకి ఫోన్ కొడదాం మేడమ్. ముఖ్యమైన పని ఈ పాపదేనని ఒక్క ముక్క సెప్పేస్తే, మెయిన్ ఆథర్ అని రాసీసుకోవచ్చు, దానికీ పూర్తి మార్కులేనని రూల్లో ఉంది." చైర్మన్ గారు కూడా సరేనన్నారు. నాకు ప్రాణం లేచొచ్చింది. ఆమెను మళ్లీ లోపలికి పిలిచి సంగతి చెప్పాం. అభ్యర్థి ఒప్పుకుంటేనే ఫోన్ చేయాలి.

రత్నం కొంగు మెలిపెడుతూ నిలబడింది. ఒప్పుకోవే తల్లీ అని లోపల మొక్కుకుంటున్నాను. నేను భయపడ్డంత పనీ చేసింది.

"అడగొద్దండి," అంది.

"ఏం, ఆయన చెప్పడా?" అన్నారు చైర్మన్ గారు.

"సెప్పేత్తారండి. అడిగితే సాలు, సెప్పేత్తారు. ఆ మనిషి అలాటోడు. అందుకే అడగొద్దు. అది నిజం కాదు గదండీ."

నాకు ఒళ్లు మండిపోయింది. చెయ్యి చాపితే అందే ఉద్యోగాన్ని నోటితో తోసేసుకున్న పిల్లను ఏమనాలి? సత్యహరిశ్చంద్రుడి చెల్లెలివా అని అరవబోయి ఆపుకున్నాను. ఆమె నమస్కారం పెట్టి వెళ్లిపోయింది. చైర్మన్ గారు మార్కులు కూడి షీటు నావైపు జరిపారు. పైన ఆ అబ్బాయి పేరు. "సంతకం పెట్టండి మేడమ్."

పెట్టనన్నాను. ఈ కాలమ్ పనిని కొలవడం లేదు, అక్షరాలను కొలుస్తోందన్నాను. రుజువేమిటన్నారు. సింహాచలం గారి లాప్‌టాప్ తెరకు పెట్టించి మా సబ్జెక్టు పేపర్ల జాబితా చూపించాను. ఎక్కడ చూసినా ఇంటిపేర్ల వరుసే. చాలదేమోనని, నా తెలివి తెల్లారినట్టే ఉంది, నా సొంత పేపర్లు కూడా తెరిపించాను.

చైర్మన్ గారు కళ్లజోడు సవరించుకున్నారు. "మీరు అన్నిటిలోనూ ఫస్టే కదా?"

"మా ఇంటిపేరు ఆకుల. ముందు రాక ఏం చేస్తుంది?"

"మరి మీ యూనివర్సిటీలోనూ ఇదే కాలమ్ కదా, మీ ప్రమోషన్లప్పుడు అందులో మార్కులు వేశారా?"

అందరూ నావైపే చూస్తున్నారు. వేశారు. ప్రతిసారీ పూర్తిగా వేశారు. నాతో సమానంగా బోర్డు దగ్గర గొంతు చించుకున్న చివరి అక్షరాలవాళ్లకు నా తరవాత ఎప్పటికో వచ్చింది ప్రమోషన్. అది నా తప్పు కాదు, రూలు. కానీ ఆ రూలు తప్పని ఒక్కసారైనా నాకు తోచలేదు.

"వేశారు," అన్నాను. "అప్పుడూ తప్పే, ఇప్పుడూ తప్పే. రాసిస్తాను."

కమిటీలో ఒప్పుకోనివాళ్లు కారణం రాసి జతచేయవచ్చు. దాన్ని డిసెంట్ నోట్ అంటారు. నా పేరుతో సహా రాశాను: ఈ కాలమ్ వల్ల నేను లాభపడ్డాను, ఈ అభ్యర్థి నష్టపోయింది, మా ఇద్దరిదీ ఒకే పద్ధతి. చైర్మన్ గారు చదివి, "ఇది ఫైల్లో ఉండిపోతుంది. మీ ప్రమోషన్లు తప్పని మీరే ఒప్పుకున్నారంటూ రేపు మీ పెన్షన్ కాగితాల దగ్గర ఎవడైనా కొర్రీ పెట్టొచ్చు," అన్నారు. బెదిరింపు కాదు, నిజంగానే నా మంచికి చెప్పారు. నాకు భయం వేసింది కూడా. అయినా ఫైల్లో పెట్టండన్నాను. నోటు జతచేశాకే షీటు మీద సంతకం చేశాను, ఎందుకంటే ఉన్న రూలు ప్రకారం ఆ కూడిక సరైనదే, పైగా ఆ అబ్బాయి చేసిన నేరమూ లేదు.

బయట వరండాలో రత్నం నా ముఖం చూసి అర్థం చేసుకుంది. "బాధే మేడం, ఎందుకుండదు. ఇంటికెల్లి ఏడుత్తాను. ఇక్కడ మాత్రం ఏడవను," అంది.

తరవాతి శనివారం ఆమె వస్తుందనుకోలేదు. వచ్చింది. సంగతి తెలిసి అప్పలరాజు కూడా అనకాపల్లి నుంచి వచ్చాడు. అప్పుడు రాస్తున్న పేపరు మీద "ఈపాలి నీ పేరు ముందెడదాం రత్నం" అన్నాడు.

"ఏటన్నయ్యా, నా మీద జాలేసిందా? జాలేత్తే టీ ఇప్పించు. పేరు జోలికి రాకు," అని సుద్దముక్క తీసుకుంది. ఆ పేపరు కూడా ఇంటిపేర్ల వరుసలోనే వెళ్లింది.

నా నోటు ఏ బల్లల మీద తిరిగిందో తెలియదు. నేను రిటైరయ్యాక, అక్షరాల వరుస పాటించే సబ్జెక్టుల్లో రచయితలందరికీ సమాన మార్కులని ఆ సంస్థ రూలు మార్చింది. తరవాతి నోటిఫికేషన్‌లో రత్నానికి పోస్టు వచ్చింది. ఆ కమిటీలో నేను లేను. నా పెన్షన్‌కు ఎవరూ కొర్రీ పెట్టలేదు.

ఒక పద్ధతి ఎంత బరువో దానివల్ల లాభపడేవాళ్లను అడిగితే తెలియదు. నష్టపోయేవాళ్లు పాటిస్తున్నప్పుడు చూడాలి. మా ఆచారాన్ని ఉద్యోగమంతా తప్పకుండా పాటించానని నేను చెప్పుకునేదాన్ని. నిజానికి పాటించాల్సిన అవసరం నాకు ఒక్కసారీ రాలేదు.