కల్లంలో పురికొస దారులు

మంగళవారం పొద్దున నేను మిరప తోటకు నీళ్ళు పెడుతుండగా మా అమ్మాయి నల్లపాడు నుంచి ఫోన్ చేసింది. “నాన్నా, మా కంప్యూటర్ సార్ పోయారంట. నిద్రలోనేనంట” అంది. ఫోన్ పెట్టేసింది. నేను గట్టు మీద కూర్చుండిపోయాను. మడవ మార్చాలన్న ధ్యాస కూడా లేదు. నీళ్ళన్నీ పక్క చేలోకి పోయాయి.

నేను చదివింది ఐదో తరగతి. ఇలాంటివి రాయడం అలవాటు లేదు, తప్పులుంటే మన్నించండి. పోయిన మనిషి గురించి రాస్తూ ఈ ముసలాయన ఇంత సంబరపడతాడేమిటని మాత్రం అనుకోకండి. ఆయన గుర్తొస్తే నాకు సంతోషమే వస్తుంది, నేనేం చేసేది!

మా అమ్మాయి లేక లేక పుట్టిన పిల్ల. పోయిన వేసవిదాకా పొదిలిలో డిగ్రీ చదివింది. ఆఖరి ఏడాది నలుగురు పిల్లలు కలిసి వాళ్ళ క్లాసుకు ఒక వెబ్‌సైటు కట్టాలని సార్ పని పెట్టారు. ముగ్గురికి ల్యాప్‌టాప్‌లున్నాయి. మా పిల్లకు లేదు. “నీ పేరు పెడతాంలేవే, పని మేం చూసుకుంటాం” అన్నారట. వాళ్ళు మంచిగానే అన్నారు. ఈ పిల్లకు మాత్రం గుచ్చుకుంది. ఇంటికొచ్చి, “చదువు వద్దు నాన్నా, నీతోపాటు కాయలు ఏరతా” అని కల్లంలో కూర్చుంది. నేనూ వాళ్ళమ్మా ఎంత బతిమాలినా లేవలేదు. నాలుగు రోజులు నాకు ముద్ద దిగలేదు. ఇంకొక్క మూడు నెలలు గడిస్తే మా ఇంట్లో మొదటి డిగ్రీ.

ఐదో రోజు సారే బండి వేసుకుని వచ్చారు. కల్లం నిండా ఎండుమిరప. అంచున చెప్పులు విప్పారు. “కాళ్ళు మండుతాయి సార్, వేసుకోండి” అన్నాను. “తినే కాయ కదండీ” అని అలాగే నడిచొచ్చారు. చొక్కా జేబులో ఎప్పుడూ ఒక సుద్దముక్క, జేబంతా తెల్లగా.

“ఏమ్మా, కాలేజీ ఇక్కడికి మారిందా? నాతో చెప్పలేదే!”

“నాకు ల్యాప్‌టాప్ లేదు సార్.”

“ఇంత పెద్ద కల్లం పెట్టుకుని లేదంటావేంటి? పాత క్యాలెండర్లు దాచు. ఆదివారం వస్తాం.”

వెళ్ళబోతూ, నేను ఒక కాయ తీసి చెవి దగ్గర ఆడించడం చూశారు. ఎందుకని అడిగారు. గింజలు గలగలమంటే ఎండినట్టు, లేకుంటే ఇంకా పచ్చి ఉన్నట్టు అని చెప్పాను. ఆయన కూడా ఒక కాయ ఆడించి, చిన్నపిల్లాడిలా నవ్వారు.

అన్నట్టుగానే ఆదివారం చర్చిలో ఆరాధన కాగానే మిగతా ముగ్గురినీ వెంటబెట్టుకుని వచ్చారు. క్యాలెండర్ కాగితాలు తిరగేసి పరిపించారు. ఒక్కో కాగితం వెబ్‌సైటులో ఒక్కో పేజీ. గాలికి ఎగరకుండా మూలమూలకీ గుప్పెడు కాయలు. ఏ పేజీ నుంచి ఏ పేజీకి వెళ్ళాలో అక్కడికల్లా మిర్చి టిక్కీ బస్తాలు కుట్టే పురికొస లాగమన్నారు. పురికొస ఉండ మా అమ్మాయి చేతిలో పెట్టి, “ఈ పిల్ల లాగిందే దారి” అన్నారు.

ఇక చూడండి! టౌను పిల్లలకు మిరప ఘాటు ముక్కుకెక్కి, కోరు పట్టి ఒకటే తుమ్ములు.

“ఒరేయ్, కాగితం మీద తుమ్మకురా, పేజీ ఎగిరిపోద్ది!”

“నువ్వు దారం తొక్కకుండా నిలబడు ముందు!”

మా ఆవిడ మజ్జిగ తెచ్చి, వీళ్ళ వాలకం చూసి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. నేను చుట్టూ తిరిగి చూస్తున్నాను. ఒక కాగితం మీద ‘మా ఫొటోలు’ అని ఉంది. దానిలోకి దారముంది, దానినుంచి ఎటూ లేదు.

“సార్, ఇందులోకి పోయినోడు బయటికెట్టా వస్తాడండీ?”

అందరూ ఆ కాగితం చుట్టూ మూగారు. సార్ వంగి చూసి నడుం మీద చేతులు పెట్టుకున్నారు. “మూడు ల్యాప్‌టాప్‌లు, ఒక మాస్టారు. కనబడింది మాత్రం పెద్దాయనకి! రాయండ్రా, కట్టినవాళ్ళలో ఈయన పేరు కూడా రాయండి.”

మా అమ్మాయి అక్కడినుంచి మొదటి కాగితానికి పురికొస లాగింది. ‘పేరు పెడతాం’ అన్న పిల్లే వచ్చి ఆ కొస పట్టుకుంది. “రేపు రావే. నువ్వు లేకపోతే మాకు దారి తెలీదు” అంది. సోమవారం పొద్దున్నే నా కూతురు బస్సెక్కింది. ఇంతకన్నా ఏం కావాలండీ నాకు!

ఆ తర్వాత క్లాసులో ఎవరు ఏ పేజీ చూపించినా సార్ “గలగలమంటోందా?” అని అడిగేవారట. ఇంకా పచ్చిగా ఉందనిపిస్తే “ఎండనీండి” అని వెనక్కి పంపేవారట. పోయినవారం మా అమ్మాయి నల్లపాడులో వెబ్‌సైట్లు కట్టే చిన్న ఆఫీసులో పనికి చేరింది. ఆ సంగతి ఫోన్లో చెబితే సార్ ఆ మాటే అడిగారట. “గలగలమంటోంది సార్” అందట ఇది. ఆ కబురు ఆయన చెవిన పడ్డాకే వెళ్ళారు. నాకదే ఊరట.

ఆ వెబ్‌సైటును ఇప్పుడు కొత్త క్లాసు పిల్లలు నడుపుతున్నారు. ఈసారి కాయ ఆరబోసినప్పుడు మేమూ మీ కల్లానికి రావచ్చా తాతా అని అడిగారు. క్యాలెండర్లు దాచి ఉంచాను.

సార్ కోసం అందులో ఒక పేజీ పెట్టామని నిన్న మా అమ్మాయి చెప్పింది.

“దానికి దారి ఉందా అమ్మా?” అన్నాను.

“అన్ని పేజీల నుంచీ ఉంది నాన్నా.”

“బయటికి?”

“మొదటి పేజీకి.”

ఫోన్లో వేలితో నొక్కి సార్ పేజీలోకి వెళ్ళాను, కాసేపు ఉన్నాను, మళ్ళీ నొక్కి మొదటి పేజీకి వచ్చాను. అక్కడ ఉన్నది ఆ ఆదివారం సార్ తీసిన ఫొటో. తీసింది ఆయనే కాబట్టి అందులో ఆయన లేరు. “మూలన నా చెప్పులు పడ్డాయి, కత్తిరించండమ్మా” అన్నారట అప్పట్లో. మా అమ్మాయి ఒప్పుకోలేదు. ఎర్రటి కాయ, పురికొస దారులు, తుమ్మి తుమ్మి కళ్ళు తుడుచుకుంటూ నవ్వుతున్న నలుగురు పిల్లలు. కల్లం అంచున ఆయన చెప్పులు, విప్పిన చోటే, లోపలికి తిరిగి.