మా వాకిట్లో పోలీసు ఆట

నా చిన్నప్పుడు ఒక వేసవంతా నాకు ఒకటే కోరిక. పోలీసు నన్ను ఆపాలి. మా నాన్న సైకిల్ ఇంట్లో ఉన్నప్పుడల్లా కడ్డీ కింద నుంచి కాలు దూర్చి, వంకరటింకరగా తొక్కుకుంటూ రోడ్డు మలుపు దాకా వెళ్ళేదాన్ని. అక్కడ తాటాకు పందిరి నీడలో ఒక కానిస్టేబుల్ కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. ఆయన ముందు నుంచి కావాలనే మెల్లగా వెళ్ళి, మళ్ళీ మెల్లగా తిరిగి వచ్చేదాన్ని. ఆయన నా వంక చూస్తే కదా! ఊరందరినీ ఆపేవాడు, నన్ను మాత్రం ఆపడు. నాకు ఎంత ఉక్రోషంగా ఉండేదో చెప్పలేను.

ఎందుకంత ఆరాటం అంటే, ఆపితే ఏం చెప్పాలో నాకు మొత్తం కంఠతా వచ్చు. మా అత్త నేర్పింది. అత్త అంటే మా నాన్న చెల్లెలు. ఊళ్ళో మా పేట నుంచి వెళ్ళి హాస్టల్లో ఉండి టీచర్ ట్రైనింగ్ చదివిన మొదటి ఆడపిల్ల ఆవిడే. సెలవులు ఇవ్వగానే మా ఇంటికి వచ్చేది, వచ్చిందంటే ఇల్లంతా గలగలలాడేది.

మా ఊరు నూజివీడు నుంచి రెడ్డిగూడెం వెళ్ళే వైపు, మామిడి తోటల మధ్య ఉంటుంది. కోతల కాలం వచ్చిందంటే మా నాన్నలాంటి వాళ్ళు తెల్లవారకముందే సైకిళ్ళెక్కి తోటలకు వెళ్ళిపోవాలి. ఈ రోజు ఈ తోట, రేపు ఇంకెక్కడో ఉన్న తోట. వేళకు అందుకోకపోతే మేస్త్రీ ఇంకొకరిని పెట్టుకుంటాడు. కాబట్టి సైకిల్ ఉంటేనే పని. మా వీధి చివర ఉండే మావయ్య సైకిల్‌ని అంతకు ముందు ఏడు స్టేషన్‌కి పట్టుకెళ్ళారు. ఎందుకో ఎవరూ చెప్పలేదు, ఆయనా అడగలేదు. కోతలయ్యేదాకా అది అక్కడే ఎండకు ఎండింది. ఆయన నడుచుకుంటూ తోటకు చేరేసరికి పని ఇంకొకరికి పోయేది. ఆ ఏడు వాళ్ళింట్లో గంజి తాగిన రోజులు నాకు తెలుసు. మా అమ్మ చీకటి పడేవేళ గుమ్మంలో నిలబడి మా నాన్న సైకిల్ బెల్లు కోసం చెవులు రిక్కించేది అందుకే.

ఆ భయంలోంచి మా వాళ్ళకు ఒక అలవాటు పుట్టింది. మలుపులో ఈల వినపడగానే సైకిల్ దిగేవాళ్ళు. దిగీ దిగగానే ఎవరూ అడగకముందే గంప మీద గోనెపట్టా తొలగించి, ఉన్నవాటిలో మంచి రసాలు ఏరి కానిస్టేబుల్ చేతికిచ్చేవాళ్ళు. ఎందుకు ఆపాడో అడగడమన్నది ఎవరికీ తోచేది కాదు. ఆయనకూ చెప్పే పని ఉండేది కాదు. గంప ఖాళీగా ఉన్నవాడి టైర్లో గాలి పోయేది, వాల్వు ఆయన జేబులోకి వెళ్ళేది. దాన్ని ఎండనీ వాననీ తీసుకున్నట్టే తీసుకునేవాళ్ళు మావాళ్ళు.

ఆ వేసవి అత్తను బస్సు దగ్గర నుంచి తీసుకురావడానికి నాన్న సైకిల్ మీద వెళ్ళాడు. చెల్లెలికి ఇష్టమని చిన్నరసాలు ఏరి సంచిలో పట్టుకెళ్ళాడు. అత్త నడుస్తూ, ఆయన సైకిల్ నడిపిస్తూ మాట్లాడుకుంటూ వస్తుంటే మలుపులో ఈల మోగింది. నాన్న చెల్లెలి చేతిలోంచి సంచి తీసుకుని ఆ పండ్లు ఇచ్చేశాడు. ఇంటికి వచ్చాక అత్త మంచినీళ్ళు తాగి ఒక్కటే అడిగింది.

"ఎందుకు ఆపాడన్నయ్యా?"

"ఎందుకేంటే? పోలీసాయన. ఆపుతాడు."

ఆవిడ స్నేహితురాలి నాన్నగారు ప్లీడరు. సెలవుల్లో వాళ్ళింటికి వెళ్ళినప్పుడు ఆయన భోజనాల దగ్గర చెప్పే కోర్టు కబుర్లన్నీ అత్త శ్రద్ధగా వినేది. అవన్నీ మా నాన్నకు చెప్పబోయింది. నాన్న మంచివాడే గానీ, చెల్లెలి చేత చెప్పించుకోవడమంటే ఆయనకు ఎక్కడో గుచ్చుకునేది. నాలుగు ముక్కలు చదివావని నాకు పాఠం చెబుతావేంటే అని తువ్వాలు దులుపుకుని బయటికి వెళ్ళిపోయాడు. అత్త ఇంక ఆ మాట ఎత్తలేదు.

మర్నాడు సాయంత్రం నన్నూ మా తమ్ముణ్ణీ పిలిచి కొత్త ఆట ఆడదాం రమ్మంది.

ఆ ఆట గుర్తొస్తే ఇప్పటికీ నాకు ఒళ్ళు పులకరిస్తుంది. అత్తే పోలీసు. మా నాన్న తువ్వాలును నడుముకు బెల్టులా బిగించేది, సుద్దముక్కతో రవికె భుజం మీద అంకెలు వేయించుకునేది. ఈల కోసం పెరట్లో మొలకెత్తిన మామిడి టెంకను తెచ్చి రాతి మీద అరగదీసి ఊదేది. అది ఈలలా మోగదు, కోడి గొంతు పట్టుకున్నట్టు కీచుమంటుంది. మేం నవ్వు ఆపుకోలేక చచ్చేవాళ్ళం. నవ్వితే మళ్ళీ మొదటి నుంచి తొక్కుకుంటూ రావాలి. సైకిల్ దొరకని రోజు కర్రపుల్ల చేత్తో పట్టుకుని అదే హ్యాండిల్ అనుకుని పరుగెత్తుకొచ్చేవాళ్ళం.

ఈల వినగానే ఆగాలి, పారిపోకూడదు. రెండు కాళ్ళూ నేల మీద, రెండు చేతులూ హ్యాండిల్ మీద. ఇక్కడే మేం ప్రతిసారీ తప్పేవాళ్ళం. పెద్దవాళ్ళని చూసి చూసి మా చేతులు వాటంతటవే లేని గంప వైపు వెళ్ళిపోయేవి. అత్త ఆ చేతి మీద చిన్న దెబ్బ వేసేది. "ఇంకా ఏం అడగలేదు కదే, ఎందుకిస్తున్నావు? ఇచ్చావంటే తప్పు చేశానని నువ్వే చెప్పినట్టు" అనేది. ఆ తర్వాత, ఎందుకు ఆపారండీ అని అడగాలి. ఆ 'అండీ' మరిచిపోతే మళ్ళీ మొదటికే. గొంతు పెంచకూడదు, తల దించకూడదు. తప్పు మనదైతే ఒప్పుకుని, జరిమానా రాసి రసీదు ఇమ్మనాలి. తప్పు లేకపోతే లేదని చెప్పాలి. సైకిల్ పట్టుకెళతానంటే, పట్టుకెళ్ళినట్టు కాగితం మీద రాసి సంతకం పెట్టి ఇమ్మనాలి. ఆడవాళ్ళనీ చిన్నపిల్లల్నీ ఏదైనా అడగాలంటే పోలీసులే ఇంటికి రావాలి గానీ స్టేషన్‌కి రమ్మనకూడదు. అన్నిటికన్నా ముందు ఆయన నంబరు చూసుకోవాలి.

అత్త పోలీసు వేషం ఎంత బాగా కట్టేదంటే, మా తమ్ముడు ఒకసారి నిజంగానే ఏడ్చేశాడు. ఆవిడ నిలబడే చోటు మాత్రం ఎప్పుడూ ఒకటే. చిక్కాలు బాగుచేసుకుంటూ మా నాన్న కూర్చునే గోడ పక్కనే. చిక్కమంటే కాయ కింద పడి దెబ్బ తినకుండా గడ చివర కట్టే వల. నాన్న తలెత్తకుండా ముడులు వేసుకుంటూ ఉండేవాడు. మా గోల తనకు పట్టనట్టే ఉండేవాడు.

ఒక సాయంత్రం అత్త నా సైకిల్ పట్టుకెళుతున్నట్టు నటించింది. నేను ఊరుకున్నాను. అత్త కూడా మరిచిపోయిందో ఏమో, సరిదిద్దలేదు. గోడ వైపు నుంచి నాన్న గొంతు వినపడింది.

"కాగితం అడగలేదేంటే?"

అత్త చప్పున అటు తిరిగి తువ్వాలు సవరించుకుంది. నాన్న దారం కొరికి తెంపుతూ మళ్ళీ పనిలో పడ్డాడు. నేనైతే దొరికిపోయినందుకు సిగ్గుపడ్డాను, అంతకుమించి నాకేమీ తట్టలేదు.

కోతలు ముగిసిన రోజు వచ్చింది. ఆ రోజు నాన్నకు అన్నం క్యారేజీ ఇవ్వడానికి తోటకు వెళ్ళి, సాయంత్రం దాకా అక్కడే ఆడుకున్నాను. కోత పూర్తయితే తోటను వేలంలో పాడుకున్న షావుకారు పనివాళ్ళకు తలా ఒక గంప పండ్లు ఇవ్వడం రివాజు. నాన్న గంపను క్యారియర్ మీద తాడుతో కట్టి, నన్ను ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకున్నాడు. ఎండ ఇంకా చుర్రుమంటూనే ఉంది. మా వెనకాల మిగతావాళ్ళ సైకిళ్ళు వరసగా వస్తున్నాయి. రసాల వాసనకు నాకు నోరూరుతోంది, పాటలు పాడుకుంటున్నాను.

మలుపులో ఈల మోగింది.

నిజం చెబుతున్నాను, నాకు భయం వేయలేదు. ఎగిరి గంతేయాలనిపించింది. ఇన్నాళ్ళకు! నాన్న ఆపగానే మొదటి మాట నాదే కావాలని నోరు తెరిచాను. కానిస్టేబుల్ కుర్చీలోంచి లేచి దగ్గరికి వచ్చాడు. నిలువెత్తు మనిషి, అత్త కంటే చాలా పెద్దవాడు. నా నోట్లోంచి గాలి తప్ప ఏమీ రాలేదు. కంఠతా పట్టినదంతా ఎక్కడికి పోయిందో తెలియదు.

నాన్న కుడి చెయ్యి హ్యాండిల్ వదిలి వెనక్కి, గంప వైపు వెళ్ళింది. నేను చూస్తూనే ఉన్నాను. అది గోనెపట్టా దాకా వెళ్ళి ఆగింది. అలా ఒక్క క్షణం ఉండి, తిరిగి వచ్చి హ్యాండిల్ పట్టుకుంది.

"ఎందుకు ఆపారండీ?"

అచ్చం అత్త నేర్పిన రాగమే. అది నాన్న గొంతులోంచి రావడం విని నేను తల తిప్పి ఆయన ముఖం వంక చూశాను.

కానిస్టేబుల్ కూడా చూశాడు. "ఎందుకేంట్రా? లైటేదీ?"

"లైటు చీకటి పడ్డాక కావాలండీ. ఇంకా ఎండుంది కదండీ."

"డబుల్స్ ఎక్కించుకొచ్చావు. అది చాలదా?"

నాన్న రెండు చేతులూ హ్యాండిల్ మీదే ఉంచాడు. "అది తప్పేనండీ. పాప నడవలేదని ఎక్కించుకున్నాను. జరిమానా రాయండి, కడతాను. రసీదు ఇప్పించండి" అన్నాడు.

వెనకాల వచ్చిన సైకిళ్ళన్నీ ఆగిపోయాయి. వాళ్ళలో సగం మంది అప్పటికే గోనెపట్టాలు తొలగించి పండ్లు పట్టుకుని ఉన్నారు. ఆ పండ్లు చేతుల్లోనే ఉండిపోయాయి. కానిస్టేబుల్ వాళ్ళ వంక చూసి, గొంతు పెంచి, అయితే బండి స్టేషన్‌కి పద, నువ్వూ పద, ఈ పిల్లనీ తీసుకురా అన్నాడు.

స్టేషన్ అనేసరికి నాకు మావయ్య సైకిల్ కళ్ళ ముందు కదిలింది. అయిపోయింది అనుకున్నాను.

"నేను వస్తానండీ. పాపని స్టేషన్‌కి రమ్మనకూడదండీ, ఇంట్లో దింపి వస్తాను. బండి తీసుకుంటే తీసుకున్నట్టు రాసి సంతకం పెట్టి ఇవ్వండి." నాన్న అక్కడ ఆగి నా భుజం మీద చెయ్యి వేశాడు. "నాకు చదువు రాదండీ. మా పాపకి వచ్చు. అమ్మా, అయ్యగారి నంబరు చదువు."

అప్పుడు వచ్చింది నా గొంతు. ఆయన భుజం మీద ఇత్తడి అంకెలు ఎండకు మెరుస్తున్నాయి. బళ్ళో పద్యం అప్పజెప్పినట్టు ఒక్కో అంకె గట్టిగా, అందరికీ వినపడేలా చదివాను. చదవడం అయిపోయాక ఇంకొన్ని అంకెలు ఉంటే బాగుండుననిపించింది.

కానిస్టేబుల్ తన భుజం వంక తనే చూసుకున్నాడు. తర్వాత, "పాపని దించి నడిపించుకుపో. ఇంకోసారి డబుల్స్ కనపడితే ఊరుకోను" అని కుర్చీ వైపు వెళ్ళిపోయాడు.

"అలాగేనండీ" అన్నాడు నాన్న. నన్ను దించి, సైకిల్ నడిపిస్తూ బయలుదేరాడు. వెనకాల గోనెపట్టాలు ఒక్కొక్కటే మళ్ళీ గంపల మీదికి వచ్చాయి. నేను దారంతా గెంతుతూనే ఉన్నాను. నాన్న మాత్రం తువ్వాలుతో ముఖం తుడుచుకుంటూ, ఉండుండి తనలో తనే నవ్వుకుంటూ నడిచాడు. ఆ సంతోషం నేను మా నాన్న ముఖంలో అంతకు ముందు చూడలేదు.

ఇంటికి రాగానే గంప దించి, వెతికి వెతికి అన్నిటికన్నా మంచి రసం ఒకటి తీసి అత్త చేతిలో పెట్టాడు. ఏమైందన్నయ్యా అని అడిగితే, "ఏం లేదే. నువ్వే ఆ పోలీసాయన కంటే గట్టిగా అరుస్తావు" అన్నాడు. అత్త ఆ పండు పట్టుకుని నవ్వుతూనే ఏడ్చింది. ఆవిడ ఆ గోడ పక్కనే ఎందుకు నిలబడేదో, ఆ రోజు కాగితం సంగతి నిజంగా మరిచిపోయిందో లేదో నాకు అప్పుడు అర్థమైంది. ఆ ఆట మా కోసం కానే కాదు. మేం ఆడింది ఉత్తుత్తి ఆట, నేర్చుకున్నవాడు గోడ దగ్గర తల వంచుకుని ముడులు వేసుకున్నాడు. అది తెలిసి నాకు కోపం రాలేదు, మా అత్త మీద ప్రేమ ఇంకా పెరిగింది.

ఇప్పుడు మా మనవరాలికి కొత్త సైకిల్ కొన్నాం. దాని నాన్న, అంటే మా అబ్బాయి, కాయల ట్రాలీ ఆటో నడుపుతాడు. యాభయ్యో వందో మడిచి లైసెన్సు కింద పెట్టుకుని తిరుగుతాడని నాకు తెలుసు. చెబితే, నీకేం తెలుసమ్మా అంటాడు. అందుకే సాయంత్రం పూట వాడు ఫోన్ చూసుకుంటూ అరుగు మీద కూర్చున్నప్పుడు, సరిగ్గా ఆ అరుగు పక్కనే నేను పోలీసునై నిలబడుతున్నాను. మోకాళ్ళు నొప్పి గానీ, గొంతు ఇంకా బాగానే ఉంది. మనవరాలు దూసుకొచ్చి బ్రేకు వేస్తుంది, రెండు చేతులూ హ్యాండిల్ మీద పెట్టి "ఎందుకు ఆపారండీ?" అంటుంది. ఆ మాట విన్నప్పుడల్లా గంప దాకా వెళ్ళి వెనక్కి వచ్చిన మా నాన్న చెయ్యి నాకు కనిపిస్తుంది. మొన్న సాయంత్రం మనవరాలు నంబరు చూడడం మరిచిపోయింది. నేనూ చూసీ చూడనట్టు ఊరుకున్నాను. అరుగు మీద ఫోన్లోంచి తలెత్తకుండానే మా అబ్బాయి అన్నాడు, "నంబరు చదవలేదేంటే?" అని.