జల్లెడకు పట్టిన పత్తి నూగు

1964లో ఆదిలాబాదు జిన్నింగ్ మిల్లుల దారిలో నాకొక చిన్న మెకానిక్ షెడ్డు ఉండేది. పత్తి నుంచి గింజను వేరుచేసే ఆ మిల్లులకు ఉట్నూరు వైపు నుంచి చిన్న డీజిల్ లారీలు సరుకు తెచ్చేవి. ఆదివారం క్రైస్తవ సంఘంలో బైబిలు వాక్యం చదివేవాణ్ణి కనుక నా మాట మీద అందరికీ గురి. ఆ గురే ఒక మనిషి నోటికాడి ముద్ద తీసింది.

ఆ చలికాలం శంకర్ సేటు తన లారీని, డ్రైవర్ రాజలింగును వెంటబెట్టుకొని వచ్చాడు. రెండు ట్రిప్పులకు రావలసిన డీజిల్ ఒకటిన్నరకే అయిపోతోందట.

"బండి గుట్టల ఘాటు రోడ్డు ఎక్కుతలేదన్నా. ఎంత తొక్కినా గుంజుతలేదు. నల్లపొగ కక్కుతుంది" అన్నాడు రాజలింగు.

"గా పొగ నీ బీడీది. మేస్త్రీ, వీడు తోవల డీజిల్ అమ్ముకుంటుండు" అన్నాడు సేటు.

రెండు రోజులు చూశాను. డీజిల్‌ను సన్నని తుంపరగా సిలిండర్‌లోకి చిమ్మే ఇంజెక్టర్లు బాగున్నాయి. పంపూ బాగుంది. ఇంజన్ పీల్చే గాలిని వడగట్టే ఎయిర్ క్లీనర్ మూత తీస్తే, అడుగు గిన్నెలో దుమ్మును పట్టుకునే నూనె తేటగా కనిపించింది. పైనున్న తీగ జల్లెడను బయటికి తీయకుండానే మూసేశాను. ఖాళీ బండిని పక్క ఊరు మావల దాకా నడిపాను. చదును రోడ్డు, బరువు లేదు. పొగ రాలేదు.

మిల్లు గేటు ముందు, హమాలీలు వింటుండగా సేటు అడిగాడు. "దేవుని మనిషివి, నువ్వు చెప్పు. ఇంజన్ల ఏమన్న ఖరాబున్నదా?"

"లేదు" అన్నాను.

"జర లోడు తోటి ఘాటు మీద చూడరాదన్నా" అని బతిమాలాడు రాజలింగు. క్రిస్మస్ దగ్గర పడింది, పాటల సాధన ఉంది, నాకు తీరిక లేదన్నాను. సేటు రాజలింగు చేతిలోని తాళంచెవి లాక్కున్నాడు. హమాలీల్లో ఒకడు "డీజిల్ దొంగ" అని నవ్వాడు.

నెలన్నర తర్వాత అదే లారీ మళ్లీ వచ్చింది. డ్రైవర్ కొత్తవాడు, ఫిర్యాదు పాతదే. ఈసారి లోడుతో ఘాటుకు నేనే వెళ్లాను. సగం ఎత్తులో ఇంజన్ ఊపిరాడనట్టు మూలిగి, వెనక నల్లపొగ కమ్మింది. బండి ఆపించి ఎయిర్ క్లీనర్ మొత్తం విప్పాను. మిల్లుల్లో ఎగిరే పత్తి నూగు నూనెతో, దుమ్ముతో కలిసి జల్లెడకు కంబళిలా పట్టి ఉంది. గాలి చాలకపోతే డీజిల్ పూర్తిగా మండదు. బలం తగ్గుతుంది, సగం కాలిన డీజిల్ పొగైపోతుంది. డ్రైవర్ ఇంకా తొక్కుతాడు, ఇంకా వృథా అవుతుంది. నూగు ఒలిచి, జల్లెడ కడిగి బిగించాను. అదే లోడుతో బండి ఘాటు ఎక్కేసింది.

అబద్ధ సాక్ష్యం గురించిన ఆజ్ఞను సంఘపు పిల్లలకు కంఠస్థం చేయించేవాణ్ణి. తెలిసి చెప్పిందే అబద్ధమని అనుకునేవాణ్ణి.

వెతుక్కుంటూ వెళితే రాజలింగు ఆసిఫాబాదు దగ్గర కట్టె డిపోలో దుంగలు మోస్తూ కనబడ్డాడు.

"లారీ ఎవ్వడిస్తడన్నా? నాకంటె ముందు నా దొంగ పేరు పోతుంది" అన్నాడు.

"తప్పు నాది. క్షమించు" అన్నాను.

"గీ దుంగల నడుమ చెప్తె ఎవడింటడు? గేటు కాడ చెప్పినవు గదా. గేటు కాడనే చెప్పు."

మరునాడు రాజలింగును మిల్లు గేటుకు తీసుకెళ్లి, సేటు ఎదుట చెప్పాను. జల్లెడ నుంచి ఒలిచిన నూగు ఉండను హమాలీలకు చూపించాను. సేటు తలవంచుకొని రాజలింగుకు తాళంచెవి ఇవ్వబోయాడు. రాజలింగు ముందుగా నా చేతిలోని నూగు ఉండను తీసుకొని అరచేతిలో ఎగరేసి చూశాడు.

"గింత బరువు గూడ లేదు గదనే" అన్నాడు. తర్వాత తాళంచెవి అందుకున్నాడు. "ఎక్కు. లోడు తోటి పోదాం. ఇప్పుడన్న చూద్దువు."

ఎక్కాను. ఆనాటి నుంచి బరువుతో ఎత్తు మీద నడపకుండా ఏ బండి గురించీ బాగుందని చెప్పలేదు. చూడనిదాన్ని చూడలేదని ఒప్పుకునే ధైర్యమిమ్మని ప్రతి ఉదయం షెడ్డు తెరిచే ముందు ప్రార్థించేవాణ్ణి.