దెబ్బ తినడానికి ఎగిరే విమానం

మా బావ చనిపోయారు. ఆ వార్త మా పత్రికలోనే, జిల్లా పేజీలో వచ్చింది. పేరు సరే, వయసు సరే, బాన్సువాడ వాస్తవ్యుడన్నదీ సరే. చేసిన పని మాత్రం తప్పు. ‘క్షిపణి శాస్త్రవేత్త కన్నుమూత’ అని శీర్షిక పెట్టారు. ఆయన ఏనాడూ క్షిపణి తయారు చేయలేదు. ఈ పట్టణంలో ఆ సంగతి తెలిసిన విలేకరిని నేనొక్కణ్ణే. ఆ శీర్షికకు సరే అన్నదీ నేనే.

ఆ మధ్యాహ్నం నేను మద్నూర్‌లో ఉన్నాను. మహారాష్ట్ర సరిహద్దు దగ్గర లారీలు బారులు తీరి ఆగిపోతే వార్త కోసం వెళ్లాను. ఒక డ్రైవర్ మరాఠీలో ఎవరినో తిడుతుంటే వింటున్నప్పుడు అక్క ఫోన్ చేసింది.

“తమ్మీ, మీ బావ లేస్తలేడురా. ఎంత పిలిచినా పలుకుతలేడు.”

నేను బాన్సువాడ చేరేసరికి డాక్టరు వచ్చి, చూసి, వెళ్లిపోయాడు. సాయంత్రం డెస్కు నుంచి సబ్ ఎడిటర్ ఫోన్ చేశాడు. నాకంటే చాలా చిన్నవాడు, పని మీద శ్రద్ధ ఉన్నవాడు. “అన్నా, మీ బావగారు క్షిపణి శాస్త్రవేత్తే కదా? అట్లనే పెడుతున్న” అన్నాడు. కాదని చెప్పడానికి రెండు వాక్యాలు చాలు. నేను “సరే, పెట్టుకో” అన్నాను.

దుఃఖంలో ఉన్నానని చెప్పుకోవచ్చు. కాని అది కారణం కాదు. ఆ మాట నాకు నచ్చింది. ఇల్లంతా జనం ఉన్నప్పుడు, క్షిపణి శాస్త్రవేత్త బావమరిదిగా నిలబడటం నచ్చింది.

మర్నాటికి చౌరస్తాలో ఫ్లెక్సీ వెలిసింది. బావ ముఖం పక్కన, నిప్పులు కక్కుతూ లేస్తున్న క్షిపణి. దాని కింద పట్టణ పెద్దల ఫోటోలు. ఆ తర్వాత పరామర్శకు వచ్చిన హెడ్మాస్టరు బడిలో సైన్సు గదికి బావ పేరు పెడతామని, పేరు కింద ‘క్షిపణి శాస్త్రవేత్త’ అని గోడ మీద రాయిస్తామని చెప్పాడు. బావ పోయిన తర్వాత అక్క తల ఎత్తి ఎదుటివారి ముఖం చూసింది అప్పుడే. ఫ్లెక్సీ గాలివానకు చిరిగిపోతుంది. పత్రిక మర్నాటికి పొట్లాలకు పోతుంది. బడి గోడ మీది రాత అట్లా పోదు. పిల్లలు ఏళ్ల తరబడి దాన్నే చదువుతారు.

మా బావ చేసింది గురి. ఫిరంగులు, క్షిపణులు కొట్టడం నేర్చుకోవాలంటే ఆకాశంలో ఏదో ఒకటి ఎగరాలి. మనిషి కూర్చున్న విమానాన్ని కొట్టలేరు కదా. అందుకని మనిషి లేని చిన్న విమానాన్ని ఎగరేస్తారు. అది ఏ దిక్కుకు పోవాలి, ఎంత ఎత్తున పోవాలి, గాలి పక్కకు నెడితే ఎట్లా సర్దుకోవాలి అన్నవి చూసుకునే వ్యవస్థ మీద ఆయన రక్షణ శాఖ ప్రయోగశాలలో ఉద్యోగమంతా పని చేశారు. రిటైరై బాన్సువాడ వచ్చాక, ఏం చేసేవారని అడిగిన వాళ్లందరికీ ఒకే జవాబు చెప్పేవారు: “దెబ్బ తినే విమానం చేసేటోన్ని.”

బస్టాండ్ దగ్గరి హోటల్‌లో రోజూ టీ తాగేవారు. హోటల్ యజమానికి ఆయనంటే చనువు.

“ఏం సార్, మీరు చేసినవాట్ల ఒక్కటన్న వాపస్ వచ్చిందా?”

“ఎందుకు రాలే? గురి తప్పిందనుకో, పని అయినంక గొడుగు ఇప్పుకొని మెల్లగ దిగుతది. కడిగి, తుడిచి, మల్ల పంపిస్తం.”

“అంటే కొట్టెటోడు చేతగానోడైతేనే మీది బతుకుతదన్నట్టు!”

“గంతే. చేతగానోళ్ల దయతోనే మా డిపార్ట్‌మెంట్ నడిచింది.”

హోటలంతా నవ్వేది. ఆయనా నవ్వేవారు. టీ గ్లాసు ఖాళీ అయ్యాక మాత్రం అసలు సంగతి చెప్పేవారు. “నవ్వుండ్రి గని, అది సక్కగ పోవాలె. ఎక్కడున్ననని చెప్తదో అక్కడనే ఉండాలె. అదే వంకర టింకరగ పోయిందనుకో, కొట్టెటోడు మంచిగ కొట్టిండో చెడగొట్టిండో ఎట్ల తెలుస్తది? గురి అబద్ధం చెప్తే ఫిరంగి జిందగీల నేర్చుకోదు.”

ఇంట్లో వరండా గోడకు గాలి ఒత్తిడి చూపే గుండ్రటి పాత మీటరు ఉండేది. పొద్దున్నే దాని అద్దం మీద వేలి గోటితో తట్టి, ముల్లు ఎక్కడ నిలిచిందో చూసి, అప్పుడు పత్రిక తీసేవారు. నా వార్త ఉన్న రోజు ఫోన్ తప్పకుండా వచ్చేది. పలకరింపు ఉండదు.

“ఏం బామ్మర్ది, బిచ్కుందల భారీ వర్షం అని రాసినవ్. భారీ అంటే ఎంత?”

“బాగా పడింది బావా. నేను సూసిన.”

“నువ్వు సూసింది నీళ్లను. ఎంత పడ్డదో మండల ఆఫీసుల కొలుస్తరు. అడిగినవా?”

అడిగి ఉండను. అట్లా విశేషణం బదులు అంకె రాయడం నాకు అలవాటు చేసింది ఆయనే. మా పత్రికలో నన్ను నిదానస్తుడు, లెక్క తప్పనివాడు అంటారు. ఆ పేరులో సగం ఆయనది. ఆ సాయంత్రం నేనన్న “సరే”తో ఆ సగం పోగొట్టుకున్నాను.

ఒకసారి బిచ్కుందలో ఆయనకు సన్మానం చేశారు. సభాధ్యక్షుడు క్షిపణులు, రాకెట్లు, దేశరక్షణ అంటూ చాలాసేపు మాట్లాడి శాలువా కప్పాడు. బావ మైకు ముందుకు వచ్చి శాలువా తీసి మడిచి బల్ల మీద పెట్టారు. “మీ ప్రేమకు దండం. గని ఇది తప్పు మనిషి మీద కప్పిండ్రు. క్షిపణి చేసినోళ్లు వేరే ఉన్నరు. నేను అది కొట్టే గురిని చేసిన. అది గూడ మొత్తం నేను చేయలే, దాన్ని సక్కగ నడిపే భాగం చేసిన, నాతోని ఇంకో పదిమంది ఉన్నరు” అన్నారు. సభలో ఎవరికీ ఏం చేయాలో తోచలేదు. ముందు వరుసలో అక్క కొంగు సవరించుకుంటూ నేల చూసింది. వచ్చేటప్పుడు కారులో ఒక్క మాటే అంది: “శాలువా కప్పుకొని ఇంటికొస్తే ఏం పోతుండె?” నేను కారు నడుపుతూ లోలోపల అక్క పక్షమే వహించాను.

సముద్రం దగ్గర జరిగిన ఒక సంగతి ఆయన నాకు చాలా ఆలస్యంగా చెప్పారు. ఒక పరీక్ష. ఆయన విమానం నీటికి దగ్గరగా, తక్కువ ఎత్తున పోవాలి. ఫిరంగి పేలింది, విమానం సముద్రంలో పడింది. ఒడ్డున కేకలు, కౌగిలింతలు. ఫిరంగి వాళ్లకు గురి తగిలింది. ప్రయోగశాలకు పరీక్ష జయప్రదమైంది. పై అధికారి స్వీట్లు తెప్పించాడు. బావ మాత్రం విమానం పంపిన అంకెలు చూస్తూ కూర్చున్నారు. గుండు దాన్ని చేరకముందే అది దిగడం మొదలుపెట్టింది. గాలి ఒత్తిడిని లోపలికి తెచ్చే సన్నటి గొట్టం ఒకటి సడలిందని, అందువల్ల ఎత్తు తప్పు చూపిందని ఆయనకు అర్థమైంది.

“అది కింద ఉన్నది బామ్మర్ది. గని పైన ఉన్ననని అనుకున్నది. ఉన్నదానికంటె ఎత్తుల ఉన్ననని అనుకుంటె ఏం చేస్తది? తనంతట తానే దిగుతది. దిగింది, మునిగింది. కొట్టింది ఎవలు?”

ఆయన లేచి వెళ్లి పై అధికారికి చెప్పారు: ఫిరంగి కొట్టలేదు, మాదే పడిపోయింది, తప్పు మాది. స్వీట్ల డబ్బా ఇంకా తెరిచే ఉంది. ఎవరికీ ఆ నిజం అక్కర్లేదు. అందరికీ లాభమైన అబద్ధాన్ని ఒక్కడు చెడగొట్టాడు. ఆ తర్వాత మిగతా విమానాలన్నిటిలోనూ ఆ గొట్టం బిగింపు మార్చారట. అది చెప్పేటప్పుడు మాత్రం ఆయన ముఖంలో కొంచెం వెలుగు కనిపించింది. “తప్పు ఎంతున్నదో చెప్పెటోడు లేకుంటె, దిద్దెటోడు ఏం దిద్దుతడు? మా పని మొత్తం గంతే” అన్నారు.

ఇది విని, తలూపి, మెచ్చుకున్నవాణ్ణి నేను. ఫ్లెక్సీ వెలిసిన నాడు దాని కింద నిలబడి పరామర్శలు అందుకున్నవాణ్ణీ నేనే.

దినాలు గడవకముందే అక్క దగ్గర కూర్చుని, హెడ్మాస్టరుకు అసలు సంగతి చెబుతానన్నాను. అక్క బియ్యం ఏరుతోంది. చేయి ఆపలేదు.

“ఏం చెప్తవ్?”

“బావ చేసింది క్షిపణి కాదని.”

“నాకు తెల్వదా?” అంది. “సముద్రం కాడ ఆయన నిజం చెప్పినంక ఏమైందో తెల్సా నీకు? క్వార్టర్లల్ల ఒక్క ఆడమనిషి నాతోని మాట్లాడలే. నీళ్ల పంపు కాడికి పోతె అందరు పక్కకు జరిగిండ్రు. ఆయన వెనకొచ్చినోళ్లు ఆయనకు సారయిండ్రు. బిచ్కుందల శాలువా తీసి బల్ల మీద పెట్టిండు. బతికినన్ని దినాలు నిజం చెప్పి చెప్పి నన్ను చిన్న చేసిండు తమ్మీ. సచ్చినంకనన్న నన్ను జర పెద్దగ ఉండనియ్యి.”

నేను లేచి వచ్చేశాను. హెడ్మాస్టరు దగ్గరికి వెళ్లలేదు. పత్రికలో సవరణ వేయమని డెస్కుకూ చెప్పలేదు. అక్క కోసమే ఆగానని నాకు నేను చెప్పుకున్నాను. కలెక్టరు ఆఫీసు తప్పు అంకె ఇస్తే మర్నాడే ఉతికి ఆరేసే విలేకరిని. నా ఇంటి తప్పుకు మాత్రం కారణం దొరికింది.

గోడ రాసే రోజు హెడ్మాస్టరు కబురు పంపితే అక్కను బండి మీద తీసుకెళ్లాను. సైన్సు గది బయట గోడకు తెల్ల రంగు వేసి ఉంది. పెయింటర్ మంచి పనివాడు. బావ పేరు అప్పటికే నీలం రంగులో రాశాడు. ఆయన ముఖం కూడా ఫోటో చూసి గీశాడు, బాగా కుదిరింది. దాని పక్కన సుద్దతో ఏదో గీతలు గీసి ఉన్నాయి. అక్కను చూసి నిచ్చెన దిగాడు.

“అవ్వా, సార్ ముఖం మంచిగొచ్చిందా?”

“మంచిగొచ్చింది బిడ్డా. పక్కన గదేంది?”

“రాకెట్ అవ్వా. ఎర్రగ మంట లేస్తున్నట్టు ఏస్త. సూపు తిప్పుకోరు ఎవ్వలు. దాని కింద రాస్త, క్షిపణి శాస్త్రవేత్త అని.”

అక్క దగ్గరికి వెళ్లింది. సుద్ద గీతల మొన బావ ముఖం వైపే తిరిగి ఉంది. పెయింటర్ అట్లా ఎందుకు గీశాడో, చోటు కుదరక కావచ్చు. అక్క దాన్నీ, ఆ ముఖాన్నీ మార్చి మార్చి చూసింది.

“గా రాకెట్ ఆయనది కాదు” అంది.

“ఆఁ?”

“గది ఆయన విమానాలను కొట్టేది బిడ్డా. ఆయన నెలలకు నెలలు కూసొని ఒకటి చేస్తుండె. గది వచ్చి కొడుతుండె. మల్ల ఇంకోటి చేస్తుండె. కొట్టేదాన్ని తెచ్చి ఆయన ముఖం పక్కన ఏస్తరా? తుడువు.”

హెడ్మాస్టరు నా వైపు చూశాడు. “ఏం సార్, మీ పేపర్లనే కదా వచ్చింది క్షిపణి శాస్త్రవేత్త అని?”

“తప్పు వచ్చింది. నాకు తెలిసే వచ్చింది” అన్నాను. చెప్పాల్సిన రోజున చెప్పకుండా, అక్క చెప్పాక చెప్పిన మాట అది. ఎంత చిన్నగా వినిపించిందో నాకే తెలుసు.

పెయింటర్ తడిగుడ్డ తీసుకుని సుద్ద గీతలు తుడిచాడు. తర్వాత బ్రష్షు పట్టుకుని, మర్యాదగా, నిజంగానే తెలియక అడిగాడు: “మరి సార్ ఏం చేసిండని రాయాలె అవ్వా?”

అక్క నా వైపు చూసింది. మాటలు నా వృత్తి. ‘వైమానిక లక్ష్య వాహనాల మార్గనిర్దేశం, నియంత్రణ’ అన్న పేరు నోటి దాకా వచ్చింది. పిల్లలెవరికీ అర్థం కాదు. ఇంకా చిన్నది, ఇంకా తేలికది వెతుకుతూ ఉండిపోయాను.

అక్క ఆగలేదు. కుడి చేయి ముందుకు చాపింది. అరచేయి నేల వైపు తిప్పి, వేళ్లు దగ్గరగా కూర్చి, గోడ వెంట మెల్లగా నడుస్తూ ఆ చేతిని తన భుజం ఎత్తున ముందుకు తీసుకెళ్లింది. “గిట్ల పోవాలె. గాలొచ్చినా వంగొద్దు. కొట్టెటోడు కొడుతడని తెల్సినా పక్కకు జరుగొద్దు. గది చేసిండు” అంది.

పెయింటర్ బ్రష్షు ఎత్తి పట్టుకుని ఆ చేతినే చూస్తున్నాడు. గోడ చివర దాకా వెళ్లి అక్క వెనక్కి తిరిగింది. చేయి ఇంకా అదే ఎత్తున ఉంది.