ఖరగ్‌పూర్‌లో ఫిట్టర్లు దొరకరట

1964 జూలైలో కంపెనీ నన్ను కలకత్తా ఆఫీసు నుంచి ఖరగ్‌పూర్‌కు వేసింది. నా హోదా సర్వీసు ఇంజనీరు. రైలు పెట్టెల ఇరుసులకు రోలర్ బేరింగులు తయారుచేసే ఒక ఐరోపా సంస్థకు మాది ఇక్కడి అనుబంధ కంపెనీ. ఇరుసు చివర రాపిడి లేకుండా ఉక్కు రోలర్ల మీద దొర్లేలా చేసేదే ఈ బేరింగు.

విదేశీ కంపెనీ ఏదీ వచ్చీ రాగానే ఫ్యాక్టరీ కట్టదు. మొదట ఎవరో ఏజెంటు చేత సరుకు అమ్మిస్తుంది. అమ్మకాలు కుదిరితే సొంత ఆఫీసు తెరుస్తుంది. ఆ తర్వాత సర్వీసు డిపో, అంటే అమ్మిన బేరింగులను విప్పి, కడిగి, గ్రీజు పెట్టి మళ్లీ బిగించే చోటు. అది నిలదొక్కుకుంటే విడిభాగాలు తెప్పించి ఇక్కడే బిగిస్తారు. ఫ్యాక్టరీ అన్నిటికంటే చివర. ఒక్కో మెట్టుకూ ఐరోపాలోని హెడ్డాఫీసు అనుమతి కావాలి. నన్ను పంపింది డిపో మెట్టు ఎక్కించడానికి. ఖరగ్‌పూర్ డిపో నడిస్తేనే ఫ్యాక్టరీ మాట ఎత్తుతామని హెడ్డాఫీసు ముందే రాసేసింది.

షెడ్డు అద్దెకు దొరికింది. బేరింగులు ఊడదీసే ప్రెస్సూ వచ్చింది. ఇక కావలసింది ఒక ఫోర్‌మన్. ఏ సందులో చూసినా ఫిట్టర్లే ఉండే ఊళ్లో మనిషికి కరువేమిటని ధీమాగా ఉన్నాను. వాళ్లంతా రైల్వే వర్క్‌షాపు వాళ్లే. రైల్వే ఇచ్చే దానికి ఒకటిన్నర రెట్లు జీతం ఇవ్వమని హెడ్డాఫీసు ఆదేశం. మా బేరింగులు కొనేది రైల్వేయే కాబట్టి మర్యాదకు వర్క్‌షాపు అధికారి ఒకరిని ముందే అడిగాను. తీసుకెళ్లగలిగితే తీసుకెళ్లమని ఆయన నవ్వారు. ఎందుకు నవ్వారో అప్పుడు నాకు తెలియలేదు.

అప్పలనాయుడు వర్క్‌షాపులో పెట్టెలు బాగుచేసే విభాగమైన క్యారేజి షాపులో ఫిట్టరు. సొంతూరు పాలకొండ వైపు. తండ్రి కాలం నుంచీ ఓల్డ్ సెటిల్‌మెంట్ అనే పేటలో రైల్వే క్వార్టర్లలోనే కాపురం. మంచి పనివాడు, కొంచెం ముక్కోపి. ఫిట్టర్ల మీద పెత్తనం ఉండే చార్జిమన్ పోస్టు కోసం సీనియారిటీ వరసలో నిలబడి నిలబడి విసిగిపోయాడు. ఫోర్‌మన్ అనగానే మొహం విప్పారింది.

“సేత్తాను బావూ. ఇంట్లో ఓ మాట అడిగీసి సెప్తాను” అన్నాడు.

ఆ ఒక్క మాటకు వానలు వెళ్లి చలి వచ్చింది. ఖరగ్‌పూర్‌లో రైల్వే ఉద్యోగం మనిషిది కాదు, ఇంటిది. ఉంటున్న క్వార్టరు, జబ్బు చేస్తే ఆస్పత్రి, ఊరెళ్లడానికి పాసు అన్నీ దాన్ని పట్టుకునే ఉంటాయి. రాజీనామా ఇస్తే అన్నీ ఒక్క రోజునే పోతాయి. అందుకని భార్య రావులమ్మ, అదే షాపులో పనిచేసే ఆమె అన్న సత్యం, ఆ సందులోనే ఉండే వాళ్ల ఊరి పెద్దలు, ఇంతమందీ ఒప్పుకోవాలి. ఆదివారం ఆదివారం నన్ను పిలిచి, టీ ఇచ్చి, పోయిన వారం అడిగినవే మళ్లీ అడిగేవారు. సర్కారీ నౌక్రీ పోతే మళ్లీ రాదని సత్యం ప్రతిసారీ అనేవాడు. ఒళ్లు మండేది. పైకి మాత్రం ఠీక్ హై, ఠీక్ హై అంటూ కూర్చునేవాణ్ని.

చివరికి రావులమ్మే ముడి విప్పింది. “జీతం గురించి కాదు బాబుగోరూ. ఈయన రాజీనామా ఇచ్చీసి వచ్చినాక మీ కంపెనీ ఎల్లిపోతే మేమేటి సెయ్యాల? ఈ కోటరూ నేక, రైల్వే ఆస్పత్రీ నేక ఎక్కడికెళ్తాం?”

బయటి పనికి వెళ్లినా పాత పోస్టు మీద హక్కు నిలిచే ఏర్పాటు రైల్వేలో ఉంది. దాన్ని లియన్ అంటారు. ప్రైవేటు కంపెనీకి పోయేవాళ్లకు అది ఇవ్వరని వర్క్‌షాపు ఆఫీసులో ఖరాఖండీగా చెప్పారు. అయితే మా కంపెనీయే ఆ భరోసా ఇవ్వాలి. ఐదేళ్లలోపు డిపో మూసేస్తే కలకత్తాలో పని, ఉండడానికి చోటు ఇస్తామని ఒక కాగితం ఇప్పించమని హెడ్డాఫీసుకు రాశాను.

అక్కడి నుంచి ప్రశ్నలు మొదలయ్యాయి. జీతం పెరుగుతుంటే ఇల్లెందుకన్నారు. జవాబు రాశాను. రైల్వే ఆస్పత్రికీ మా బేరింగులకూ సంబంధమేమిటన్నారు. దానికీ రాశాను. ఉద్యోగానికి దరఖాస్తు చేసుకున్నది భర్తా, భార్యా అని అడిగినప్పుడు నా తల ప్రాణం తోకకు వచ్చింది. ఆఖరున తీర్పు వచ్చింది: భవిష్యత్తు గురించి కంపెనీ ఎవరికీ హామీ ఇవ్వదు, కంపెనీ మీద సిబ్బందికి నమ్మకం ఉండాలి.

ఆ వారమే పని మీద కలకత్తా వెళ్లాను. మా మేనేజరు అప్పుడే ఢిల్లీ నుంచి తిరిగి వచ్చారు. ఎందుకు వెళ్లారో ఆయనే చెప్పారు. ఇక్కడ ఫ్యాక్టరీ పెట్టాలంటే ఐదేళ్ల పాటు దిగుమతి లైసెన్సులు ఆపబోమని ప్రభుత్వం ముందుగా హామీ ఇవ్వాలట. హామీ లేనిదే పైసా పెట్టబోమని చెప్పి రమ్మన్నది మా హెడ్డాఫీసే.

ఫిట్టరు భార్య అడిగింది కూడా ఇదే కదా అన్నాను. ఆయన ఢిల్లీ ఫైలు మూసి సొరుగులో పెట్టేశారు. ఉండబట్టలేక ఆ మాటే హెడ్డాఫీసుకూ రాశాను. ఆ రెండూ పోల్చదగినవి కావని ఒక్క ముక్కలో జవాబిచ్చారు.

ఓల్డ్ సెటిల్‌మెంట్‌కు వెళ్లి జరిగింది జరిగినట్టు చెప్పాను. “పోన్లెండి బావూ, మీరేటి సేత్తారు” అని అప్పలనాయుడు లేచి లోపలికి వెళ్లిపోయాడు. ఫోర్‌మన్ కావాలని అతనికి ఎంత ఉండేదో అప్పుడు తెలిసింది. రావులమ్మ మాత్రం టీ గ్లాసు నా చేతికిస్తూ అడిగింది: “ఓ కాయితం రాసివ్వడానికే మీ వోళ్లకి బయమైతే, అన్నీ ఒదులుకుని రమ్మని మమ్మల్నెలాగడిగినారు?”

ఆ కాగితం లేనిదే ఇంకెవరూ రాలేదు. వేసవికి డిపో ఎత్తేశారు. ఖరగ్‌పూర్‌లో నైపుణ్యం గల కార్మికులు దొరకరని హెడ్డాఫీసు నమోదు చేసుకుంది. ఆ మాట నా కళ్లతో చదివాను. ఉదయం సైరను కూయగానే ఫిట్టర్లు సైకిళ్ల మీద వర్క్‌షాపుకు బారులు తీరే ఊరి గురించి రాసిన మాట అది. అప్పలనాయుడు రిటైరయ్యే దాకా ఫిట్టరుగానే ఉన్నాడు.

తర్వాతి కాలంలో వేరే ఊళ్లలో డిపోలు తెరిచే పని మళ్లీ నా మీదే పడింది. మేం వెళ్లిపోతే మనిషి గతేమిటో కంపెనీ చేత ముందుగా రాయించుకున్నాకే ఎవరి గుమ్మమైనా తొక్కాను. పరాయి దేశంలో పెరగాలనుకునే కంపెనీ, తాను ఆ దేశాన్ని అడిగే భరోసానే తన దగ్గర పనిచేసే మనిషికి ఇవ్వాలి. అది ఇవ్వని చోట జీతం ఎంత పెంచినా ఎవరూ రారు.